మంచినీళ్ళు చేసిన పని

చెల్లీ, నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన బట్టలకని వచ్చి మళ్ళీ వెళ్తున్నాను. కళ్ళజోడు దొరకలేదు, వెతికి పట్టుకురా.

కిడ్నీలో రాళ్ళు పోతాయని పొద్దుట్నుంచీ బిందెడు నీళ్ళు తాగాడట. మధ్యాహ్నం వాంతులు చేసుకుని, నన్నే "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

"నీళ్ళు ఎక్కువై రక్తంలో ఉప్పు పలచబడింది, మెదడు వాచింది" అన్నారు డాక్టరుగారు. మంచినీళ్ళు ఇంత పని చేస్తాయా అని నోరెళ్ళబెట్టాను. "మరి ఉప్పు గబగబా ఎక్కించెయ్యకూడదా?" అంటే, అదీ ప్రమాదమేనట, చూసి చూసి ఎక్కించాలట. ఎంత చిత్రమో!

ఇప్పుడు నన్ను గుర్తుపట్టాడు. "చిన్నది తిన్నదా?" అనడిగాడు.

పొద్దున పనికెళ్తుంటే సీసాలు నింపిచ్చింది నువ్వేనని ఏడుస్తూ కూర్చోకు. ఎండలో గోడలకి రంగులేసొచ్చాడు కదా, ఎండదెబ్బేమోనని ఆఖరి చెంబు పట్టించింది నేనే.