మన కొండ పిల్ల

రోము, 9 మార్చి 1956

అమ్మా, నా కోడిగీతలు, తప్పులు చూసి నవ్వుకోకు. మూడు తరగతుల చదువుకి ఇంతే వచ్చు. మేమిద్దరం కులాసా.

నిన్న మా ఆయనకు రొట్టె ఇవ్వడానికి మ్యూజియానికి వెళ్లాను. ఆయన అతికించే పాలరాతి బొమ్మల్లో పాత రోమన్ల కాలం నాటి చిన్నపిల్ల ఒకతి ఉంది. తల విరిగి పక్కనుంది. ఆ తల గ్రీసు రాయి, ఈ ఒంటిది కాదని ప్రొఫెసర్ గారు దాన్ని నేలమాళిగకు పంపించేస్తున్నారు. నాకు మనసొప్పలేదు. రాయి చార పైకి తేలేలా, గనిలో నాన్న చేసినట్టే బొటనవేలు ఉమ్మితో తడిపి, విరిగినచోట రుద్దేశాను!

"అయ్యయ్యో! రెండు వేల ఏళ్ల బొమ్మకి ఉమ్మి పూస్తావా?" అని ప్రొఫెసర్ కేకేశారు. మా ఆయన ముఖం మాడిపోయింది.

నేను మాత్రం, "ఇది మా కర్రారా కొండ రాయేనండీ. మెడలో ఉన్న బూడిదరంగు చారే తలలోనూ ఉంది చూడండి," అన్నాను.

"అయితే ఆ గని రాయి తెప్పించు, మైక్రోస్కోపులో చూద్దాం. కలిస్తే మీ ఆయనే తల అతికిస్తాడు. కలవకపోతే నువ్వు మళ్లీ ఈ గడప తొక్కకు," అన్నారు ప్రొఫెసర్.

పైగనిలో రోమన్ల ఉలిగాట్లున్న గోడ దగ్గర అరచేతంత ముక్క తీసి పంపమని నాన్నతో చెప్పు. మాకు పంపే పందికొవ్వుతో కలిపి కట్టకండి, రాయికి జిడ్డు పట్టేస్తుంది. పాలరాతి తొట్టిలో ఉప్పేసి పెట్టిన కొవ్వు ఊరిందా? నాన్నకు దగ్గు తగ్గిందా? ఇద్దరికీ ముద్దులు.

నాన్నకు చదివి వినిపించాక ఈ కార్డు పొయ్యిలో వెయ్యి. నాకు ఇంటి మీద బెంగగా ఉందని, కార్డులన్నీ చదివే పోస్టుమ్యాన్ ఒక్కడికి తెలిసింది చాలు. ఆ పిల్ల కొండ దిగి రెండు వేల ఏళ్లయినా, తడిపితే ఇంకా మన కొండ రంగేనమ్మా. నేను దిగొచ్చి ఎనిమిది నెలలే కదా.

నీ అర్జియా