రెండో ముక్క

అన్నయ్యకి,

క్షేమసమాచారాలు తర్వాత రాస్తాను, ముందు నా కోపం విను.

నీ రిటైర్మెంటు విందుకి పొద్దున్నే వచ్చి మీ వంటింట్లో దూరాను. ఆవాలు నూరి బెంగాలీ చేపల కూర, పెరుగులో నానబెట్టిన మాంసం, నేతి పులావు, రసమలాయి, అన్నీ ముప్పైమందికి ఒక్కదాన్నే వండాను. ఎవరూ బలవంతపెట్టలేదు. కమ్మటి తిండంటే నాకు ప్రాణమని నీకు తెలుసు. మాంసంలో నూనె తేలేదాకా వేయిస్తుంటే వచ్చే ఆ వాసన కోసం ఎంతసేపైనా నిలబడతాను.

అందరూ తిన్నాక, మూడింటికి కంచం ముందు కూర్చున్నాను. రెండో చేపముక్క వేసుకోబోతుంటే నువ్వు హాల్లోంచి కేకేశావు.

"దానికి ఇంక పెట్టకండర్రా! ఇప్పటికే గుమ్మంలో పట్టడం లేదు!"

మీ ఆఫీసువాళ్లంతా నవ్వారు. మా ఆయనా నవ్వారు. నేను ముక్క గిన్నెలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను. యాభై ఏళ్లదాన్ని, మీ పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. నువ్వు మూడుసార్లు వడ్డించుకున్నావు. నీ బొజ్జని ఎవరైనా పల్లెత్తు మాటన్నారా?

నిన్న వదిన ఫోన్ చేసింది.

"మనవరాలి పుట్టినరోజుకి నువ్వే వండాలట. మీ అన్నయ్య మరీమరీ చెప్పమన్నారు."

నీకు నోరు లేదా? అందుకే జవాబు నీకే రాస్తున్నాను. వంటకి రాను. భోజనానికి పిలిస్తే వస్తాను. అందరితోపాటు కూర్చుని, కావలసినన్నిసార్లు అడిగి వేయించుకుంటాను. ఆ వడ్డించేది నువ్వే అయితేనే పిలువు.

నీ చెల్లెలు