గాజు గొట్టంలో పన్నెండోది

కోటబొమ్మాళి,
18-11-1968, సోమవారం.

మహారాజశ్రీ పిడుదుల పంతులు అనంతపద్మనాభం గారి సముఖానికి, నాలుగో ఫారం రెండుసార్లు తప్పిన గంగరాజు నమస్కారాలు.

ఇందుమూలంగా కోటబొమ్మాళి యావన్మంది ప్రజలకూ, వారి కోళ్ళకూ, కోళ్ళ గూళ్ళకూ దండోరా వేసి తెలియజేయడమేమనగా: మా పెరటి గదిలో, గాజు గొట్టంలో కొలువుతీరిన పిడుదుగారు నేటి ఉదయం ఎనిమిది గంటలకు కుడికాలు కదిపినారు. కావున ఇరుగుపొరుగు తుమ్మరాదు.

నీ కార్డు అందింది. వచ్చే నెల మీ శాస్త్రజ్ఞుల సభలో నీ మూడేళ్ళ పని చదువుతావనీ, అది నెగ్గితే మైసూరు అడవుల్లో పశువుల వెంట పిడుదులేరుకునే తిరుగుడు తప్పి నీకంటూ ఒక ప్రయోగశాల ఇస్తారనీ, ఆఖరి లెక్క వెంటనే పంపమనీ రాశావు. ఎప్పటిలాగే మొదటి ముక్క, పన్నెండూ ఉన్నాయా అని. గంగరాజు ఉన్నాడా అని ఒక్క కార్డులోనూ అడగలేదు. సరే, లెక్క చెబుతాను.

పన్నెండు లేవు. ఒక్కటే ఉంది.

తిట్టకు, పూర్తిగా చదువు. ఆనాడు మా కోళ్ళ గూటి గోడ పగుళ్ళలోంచి పుల్లతో గీకి పన్నెండు పిడుదులు తీశావు. గొట్టంలో వేసి, మూతికి పొందూరు గుడ్డ కట్టి, గాలి ఆడుతుంది, అవి మాత్రం రాలేవు అన్నావు. నెత్తురు లేకుండా ఎన్నాళ్ళు బతుకుతాయో తేలాలి, తిండి పెట్టొద్దు, నెలకోసారి గుడ్డ మీద ఊదు, ముందుకాళ్ళు ఎత్తితే బతికున్నట్టే, వాటి ముక్కు ఆ కాళ్ళలోనే ఉంది అన్నావు. గుడిలో సన్నాయి వాయించే ఇంట పుట్టి ఆవుల పొదుగుల కింద దూరుతున్నాడని మీవాళ్ళు నిన్ను గుమ్మం ఎక్కనివ్వని రోజులవి. నువ్వు భోంచేసింది మా అరుగు మీద. కాదనలేకపోయాను.

మొదటి వేసవికే పదకొండు ఎండి రాలిపోయాయి. నీకు మాత్రం నెలనెలా పన్నెండనే రాశాను. ఆ తప్పు నాది.

కానీ ఆ పన్నెండోది, పంతులూ! మూడేళ్ళుగా ఒక్క బొట్టు నెత్తురు ఎరగదు, అయినా చావదు. మా పోస్టుమాన్ గణపతిరావు ఊది చూశాడు. కదల్లేదు. "ఇది సచ్చిపోనాది బావా" అన్నాడు. అప్పుడు నేను ఊదాను. ముందుకాళ్ళు రెండూ మెల్లగా లేచాయి, దండం పెట్టినట్టు. ఆవేళ్టి నుంచి గణపతిరావు ఉత్తరాలు వీధిలోంచే విసిరేసి పోతున్నాడు.

కోళ్ళు ఆ గది గడప దాటవు. పట్టపగలు నూకలు చల్లి చూశాను. గడప దాకా ఏరుకుంటూ వచ్చి, అన్నీ ఒక్కసారే మెడలెత్తి, కిక్కురుమనకుండా వెనక్కి తిరిగాయి. కోళ్ళు కిక్కురుమనకుండా నడవడం నీ చదువులో ఎక్కడైనా ఉందా?

మా ఆవిడ తవిటమ్మ సంగతి నీకు తెలుసు, దేనికీ జడిసే మనిషి కాదు. మొన్న "అది నీ ఊపిరికే లేస్తాదేటి? నీకూ దానికీ ఏటి సుట్టరికం? పొయ్యిలో పడేత్తాను, సూడు" అని లేచింది. "పడెయ్యవే, పంతులు ఉజ్జోగం కూడా దాంతోపాటే కాలిపోతాది" అన్నాను. గొట్టం దాకా వెళ్ళి చెయ్యి చాపింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "నానెదురుగా ఉన్నా నా వేపు సూడదు. నీకోసం ఎతుకుతన్నాది" అని గొంతు తగ్గించి చెప్పింది. ఆ గది ఊడవడం మానేసింది.

కాబట్టి ఆఖరి లెక్క: ఒకటి. మూడేళ్ళు, కటిక ఉపవాసం. సభలో అదే చదువు.

ఇట్లు,
నీ పిడుదుకు కాపలాదారు, నీకు ఏమవుతాడో నువ్వే తేల్చవలసినవాడు,
గంగరాజు.

తా.క.: కవరు అంటించబోయి మళ్ళీ విప్పాను. సభలో చదువు అన్న చోట చూపు ఆగిపోయింది. పైన ఒక్క మాట పూర్తిగా కల్పితం. ఒక్క బొట్టు నెత్తురు ఎరగదన్నది.

పదకొండూ పోయాక, ఇది కూడా ఊదితే కదలని రోజు వచ్చింది. ఇదీ పోతే నువ్విక నాకు కార్డు ముక్క రాయవు అనిపించింది. గుడ్డ విప్పి, గొట్టం మూతి ఎడమ మణికట్టుకి ఆనించి కూర్చున్నాను. అరగంట పట్టింది. నొప్పి కూడా తెలియలేదు. నేరేడు పండులా ఉబ్బి జారిపడింది. అప్పటినుంచి రెండు నెలలకోసారి అదే పని. పద్నాలుగు మచ్చలున్నాయి, నా మాట నమ్మకపోతే వచ్చి ఎంచుకో. అది నా ఊపిరికే ఎందుకు లేస్తుందో తవిటమ్మకి చెప్పలేదు.

ఆ లెక్క చదవకు. ఎవడో ఒకడు పట్టుకుంటాడు, నీ పేరు మిగలదు. ప్రయోగశాల రాకపోతే మా అరుగుంది. కార్డు మాత్రం రాయి, తిట్టడానికైనా సరే.

ఇంకొక్కటి. నాలుగు రోజులుగా నేను ఊదనక్కర్లేకుండా పోయింది. తలుపు తీసేసరికే కాళ్ళెత్తి, నావైపు తిరిగి ఉంటోంది. ఇది కల్పితం కాదు. వచ్చి పట్టుకుపో.