ఇరవై రెండు వేలకు ఇచ్చిన మాట

హిమజకు, నాచారం నుంచి నీ బాపు రాసేది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ అమ్మకు మోకాలి నొప్పి ఉంది కానీ నోరు గట్టిగానే ఉంది. పుణేలో నువ్వు వేళకు తింటున్నావనుకుంటాను.

ముందు ఒక మాట. పదిహేనేళ్ల కింద కాలేజీ ఫారంలో తండ్రి పని అన్నచోట సూపర్‌వైజర్ అని రాశావు. నేను ప్రెస్ ఆపరేటర్‌ను. ముప్పై నాలుగేళ్లు రేకు కోసి, వంచి, పది వేళ్లూ కాపాడుకున్నవాణ్ణి. ఆ రోజు ఫీజు కట్టే తొందరలో ఊరుకున్నాను. ఊరుకున్నానే కానీ మరిచిపోలేదు. ఇప్పుడు నీ కంపెనీ కొత్త కంప్యూటర్‌కు పైడబ్బా చేసేదీ ఆ ప్రెస్ ఆపరేటరే. అది ఒప్పుకుని మిగతాది చదువు.

ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు. అందుకే డబ్బాల పార్సిల్‌లోనే ఈ కాగితం పెడుతున్నాను.

పోయిన ఉత్తరంలో రంగు సంగతి అడిగావు. బూడిద రంగే నయం. తెల్లదాని మీద వేలిముద్రలు పడుతున్నాయి. ధర సంగతి కూడా అడిగావు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర నాలుగు కంప్యూటర్ షాపులు తిరిగాను. ఒక షాపు నడిపే రాజశ్రీ అనే ఆమె డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"కాకా, ఇరవై ఐదు వేలు వెట్టి గీ డబ్బా కొని, తెర మళ్ల వేరే కొనాల్నా? గంతకన్న తక్కువకు పాత లాప్‌టాప్ తెరతోనే వస్తది గద."

"పాతది ఎన్నొద్దులు నడుస్తదమ్మా?"

"మీ కొత్తది ఎన్నొద్దులు నడుస్తదో మీకెర్కనా?"

డబ్బా సంచిలో పెట్టుకుని బయటికొచ్చాను. ఇంటికోసం కొనేవాళ్లు దీన్ని కొనరు, నాకు తెలిసిపోయింది. బడులు కొంటాయి. బడుల్లో తెరలు బాగానే ఉంటాయి, డబ్బాలే మూలన పడతాయి. వాళ్లకు కావలసింది, పాడైతే అదే రోజు వచ్చే మనిషి. నువ్వు ప్రచారం కాగితం నిండా వేగం, మెమరీ అని అచ్చు వేయించావు. పాడైతే ఎవరొస్తారన్నది ఎక్కడా లేదు. అది వేయించు. పైమూతకు ఆరు స్క్రూలు కూడా దండగ. మడత మార్చితే రెండు చాలు, ఒక్కో డబ్బాకు మూడు వందలు తగ్గుతుంది.

ఇక అసలు సంగతి. మీ అమ్మ ఇదే ముందు రాయమంది. నాకు చెయ్యి రాలేదు.

పీర్జాదిగూడలో స్కూలు నడిపే ఉమామహేశ్వర్ సార్ దగ్గరికి పోయిన సోమవారం నమూనా తీసుకుని పోయాను. నువ్వు పొమ్మనలేదు, నేనే పోయాను. వాళ్ల కంప్యూటర్ గదిలో నలభై పాతవి ఉన్నాయి. మనది పెట్టి చూపిస్తే నచ్చింది. ఎంత అన్నాడు.

కంపెనీలకు కూలి మీద రేకు పని చేసిచ్చే మా జాబ్‌వర్క్‌లో అసలు ధర మొదట ఎవడూ చెప్పడు. బేరానికి చోటు పెట్టి చెబుతాం. ఎదుటివాడికి తగ్గించానన్న తృప్తి, మనకు రావలసింది మనకు. ఆ అలవాటుతో ముప్పై రెండు వేలన్నాను.

"జర సూసి చెప్పు పెద్దాయనా."

"నలభై తీస్కుంటే ఇరవై ఆరున్నర. ఇంక రూపాయి తగ్గది. బిడ్డ కంపెనీ, నా మాటే మాట."

ఆయన ఫోన్ తీసి నీ కంపెనీ పేజీ నా మొహం ముందు పెట్టాడు. "ఏంది మొగిలయ్యా, ఈడ ఇరవై ఐదు వేలకు ఒక్క రూపాయి తక్కువున్నది. నువ్వు తగ్గిచ్చి తగ్గిచ్చి ఇరవై ఆరున్నర జేసినవు!"

పక్కనున్న కంప్యూటర్ టీచరు మానస ఊరుకోలేదు. "సార్, ఇంక బేరమాడకుండ్రి. మళ్ల ముప్పైకి పోతది."

గదంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "గట్లయితే ఇరవై రెండుకే ఇస్తున్న, రాస్కోండ్రి" అన్నాను. రాసుకున్నారు. కింద నేను సంతకం కూడా పెట్టాను.

నీకు ఒక్కోటి ఇరవై రెండు వేల ఆరు వందలు పడుతుందని నాకు తెలుసు. ఎవరికీ తగ్గించొద్దని నువ్వు చెప్పిందీ తెలుసు. ఇప్పటికి అమ్ముడైనవి పదకొండే అనీ తెలుసు. ఈ ధరకు ఇస్తే రేపు ప్రతి స్కూలూ ఇదే అడుగుతుంది. ఇవ్వకపోతే నలభై పోతాయి. "నీ నోటికి తాళమేస్తేనే పిల్ల కంపెనీ బతుకుతది" అంటోంది మీ అమ్మ. తప్పు నాది. ఇంతకంటే రాయడం నాకు రాదు.

వచ్చే శుక్రవారం వాళ్ల స్కూలు కమిటీ కూర్చుంటుంది. గురువారం సాయంత్రంలోగా నీ జవాబు నా చేతిలో ఉండాలి. ఫోన్‌లో వద్దు, కాగితం మీద కావాలి. ఇస్తావా, ఇస్తానని రాయి. మూత మార్చి ఆ ఆరు వందల్లో సగం నేను లాగుతాను. ఇవ్వవా, మొగిలయ్యకు ధర చెప్పే హక్కు లేదు, మా ధర ఇదీ అని రాసి సంతకం పెట్టు. ఆ కాగితం ఇంకెవరి చేతా పంపకు. నేనే పోయి, ఆ గదిలోనే, ఆ టీచరు ముందే నిలబడి చదువుతాను. నేను కూడబలుక్కుని చదవాలి, అక్షరాలు విడివిడిగా రాయి.

ఇట్లు,
నీ బాపు
మొగిలయ్య