బోర్డు మీద ఆయమ్మ

ఉరవకొండ,
ఏప్రిల్ 9

ప్రియమైన సరళకు,

నా నంబరు బ్లాక్ చేశావు. అమ్మ నంబరూ బ్లాక్ చేశావు. పక్కన మందుల షాపు ఈశ్వరప్ప ఫోన్ నుంచి చేస్తే, నా గొంతు వినగానే పెట్టేశావు. అందుకని పోస్టాఫీసుకు పోయి కవరు కొనుక్కొచ్చి రాస్తున్నాను. పెళ్ళయిన కొత్తలో కూడా నీకు ఉత్తరం రాసిన పాపాన పోలేదు. ఆ ముచ్చట ఇప్పుడు తీరుతోంది.

ముందు పని సంగతి. కెమెరా, రెండు లెన్సులు, ఫ్లాషు సంచిలో వేసుకుని కొత్తచెరువుకు వెళ్ళిపోయావు. నాకు మిగిల్చింది కంప్యూటరు, గొడుగు లైటు. పెళ్ళిళ్ళ సీజను నెత్తి మీదికొచ్చింది. ఫోటోలు తీసేది నువ్వు, ఎడిటింగ్ చేసేది నేను. ఐదేళ్ళుగా షాపు అలాగే నడిచింది. ఇప్పుడు తీసే మనిషి లేకుండా నేను దేన్ని ఎడిట్ చెయ్యాలి, గోడల్నా?

ఎందుకు పోయిందని ఊళ్ళో అందరూ అడుగుతున్నారు. చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. బస్టాండు ఎదురుగా షాపు బోర్డు మీద మన పెళ్ళి ఫోటో వేయించాను, అందులో నీ ముఖానికి కాస్త వెలుగు పెంచాను. దానికి కాపురం వదిలేసి స్నేహితురాలు ఎస్తేరు ఇంట్లో కూర్చున్నావు. మన షాపుకు వచ్చే ప్రతి పెళ్ళికూతురికీ నేను చేసేది అదే కదా. వాళ్ళంతా ఆల్బం గుండెలకు హత్తుకుని పోతారు. అమ్మ అయితే "తెల్లగా చేసినందుకు అలిగినదాన్ని నేను యాడా సూడలేదు నాయనా" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.

ఎస్తేరు కుట్టుమిషను పక్కన చాప వేసుకుని ఎన్నాళ్ళుంటావు? కెమెరా తీసుకుని వచ్చెయ్. బోర్డు సంగతి వచ్చాక మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
నీ భర్త (ఆ మాట ఇంకా చెల్లుతుంటే)
లక్ష్మీపతి

*

కొత్తచెరువు,
ఏప్రిల్ 17

ప్రియమైన లక్ష్మీపతి గారికి,

ప్రియమైన అనేది ఉత్తరానికి మర్యాద కాబట్టి రాశాను. అంతకు మించి అందులో ఏమీ వెతకొద్దు. మొగుణ్ణి పేరు పెట్టి రాసిందని అత్తమ్మకు కూడా చెప్పండి, ఆమెకు ఇంకో మాట దొరుకుతుంది.

"కాస్త వెలుగు" అని రాశారు. బోర్డు కట్టిన వారంలో చంటిపిల్లను ఎత్తుకుని ఒకామె షాపులోకి వచ్చింది, గుర్తుందా? నన్ను చూసింది, బయట బోర్డు చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "మీ అక్క లేదామ్మా? బోర్డు మింద ఉండే ఆయమ్మ. ఆయమ్మతోనే తీపిచ్చుకుందామని వచ్చినా" అంది. నేను మెడలో కెమెరాతో నిలబడి ఉన్నాను. ఆ బోర్డు మీదున్నది నేనే అన్నాను. హాస్యమాడుతున్నానని నవ్వింది. అప్పుడు కంప్యూటరు ముందు నుంచి తల కూడా తిప్పకుండా మీరన్న మాట మీకు గుర్తుండదు, నాకుంది. "ఆయమ్మ ఊరికి పోయిండాది. ఈమె గూడా బాగా తీస్తాది, కూర్చోమ్మా" అన్నారు.

బేరం పోకూడదని మీ పెళ్ళాన్ని మీరే ఊరికి పంపేశారు. సరే, నేనూ వచ్చేశాను.

కెమెరా నా పెళ్ళికి ముందు నుంచీ నాది, దాని గురించి రాయడం మానుకోండి. నాకు కావలసింది ఒకటే. బోర్డు మీద నేను నాలాగా ఉండాలి, నా రంగులో. మన పెళ్ళి రోజు పుల్లన్న మామ తీసిన ఫైలు, మీరు చెయ్యి పెట్టకముందుది, మీ కంప్యూటర్లోనే ఉంది. దాన్ని బోర్డుకు ఎక్కించిన రోజు తర్వాతి బస్సుకు వస్తాను. ఎక్కించకపోతే రాను. ఇందులో బేరాలు లేవు.

సరళ

*

ఉరవకొండ,
ఏప్రిల్ 28

ప్రియమైన సరళకు,

షాపన్నాక గిరాకీ కోసం నాలుగు మాటలు అంటాం. అవన్నీ మూటకట్టుకుని పెట్టుకుంటే ఏ ఇల్లూ నిలబడదు. ఫ్లెక్సీ వేసేవాడికి ఇప్పుడు తీరిక లేదట. పైగా ఈ గాలికి కొత్త ఫ్లెక్సీ కడితే చిరిగి కూడేరు దాకా పోతుంది. గాలి తగ్గాక చూద్దాం.

నీ పనితనం కూడా చూశాను. ఎస్తేరు స్టేటస్‌లో పెట్టింది, ఎవరిదో పుట్టినరోజు. ట్యూబ్‌లైటు కింద పిల్లలంతా పచ్చగా, పసిరికలు ముదిరిన వాళ్ళలా ఉన్నారు. వెలుగును బట్టి రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ అనేది ఒకటుందని మర్చిపోయావా? చీకట్లో ఐఎస్‌ఓ అంత పెంచితే ముఖాల నిండా రవ్వ చల్లినట్టు గింజలు రాక ఏమొస్తాయి? ఇన్నాళ్ళూ నీ వెనక కూర్చుని వాటన్నిటినీ తుడిచింది ఎవరో ఇప్పటికైనా తెలిసుండాలి.

నీ కెమెరా లేకపోతే నా షాపు మూతపడుతుందనుకోకు. తోటి ఫోటోగ్రాఫరు రామాంజి దగ్గర కెమెరా, ఫ్లాషు అడిగి తెచ్చుకుని యాడికి ఊళ్ళో ఒక పెళ్ళి ఒక్కడినే తీశాను. అందులో పెద్ద విద్య ఏమీ లేదు, బటన్ నొక్కడమే. ఇన్నాళ్ళూ అనవసరంగా నిన్ను నెత్తిన పెట్టుకున్నాను. అయినా ఇంటికి రమ్మనే అంటున్నాను.

ఇట్లు,
లక్ష్మీపతి

*

కొత్తచెరువు,
మే 8

ప్రియమైన బటన్ నొక్కే ఆయనకు,

పిల్లలు పచ్చగా వచ్చిన మాట నిజమే. మర్నాడే తెల్ల కాగితం పెట్టి వైట్ బ్యాలెన్స్ కుదుర్చుకున్నాను. తప్పు చెబితే దిద్దుకోవడం నాకు చేతనవును.

యాడికి పెళ్ళికూతురి తల్లి సుబ్బలక్ష్మమ్మ నాకు ఫోన్ చేసింది, ఆమె నంబరు నేను బ్లాక్ చెయ్యలేదు కాబట్టి. "నా కూతురి ముఖాన పిండి పోసినట్టుండాది సరళా, కండ్లు యాడుండాయో నేను ఎతుక్కోవాల" అని ఏడ్చింది. ఫోటోలు పంపించుకుని చూశాను. మిట్టమధ్యాహ్నం, ఎర్ర షామియానా కింద, ఫ్లాషు నేరుగా ముఖం మీద కొట్టారు. నుదుటి మీద చెమట మెరిసిన చోటల్లా మాడిపోయి తెల్ల మచ్చలు తేలాయి. షామియానా ఎరుపంతా పెళ్ళికొడుకు చొక్కా మీద పడింది. దాన్ని తియ్యబోయి పిల్లను ఇంకా తెల్లగా తోమారు.

ఆ పిల్ల నాలాగే నల్లటిది. నల్లటి ముఖాన్ని వెలుగుతో కొట్టకూడదండీ, వెలుగును పక్క నుంచి రానివ్వాలి. పందిరి అంచుకు తెచ్చి, ఎండ వీపు మీద పడేలా నిలబెట్టి, ఎదురుగా ఎవరినైనా తెల్ల పంచె పట్టుకోమంటే సరిపోతుంది. ముఖంలో ఎక్కడ ఎక్కువ మెరుస్తోందో చూసి, ఆ చోటు మాడకుండా ఎక్స్‌పోజరు తగ్గించి నొక్కాలి. కాస్త చీకటిగా వచ్చినా తర్వాత పైకి తెచ్చుకోవచ్చు. మాడి తెల్లబడితే మాత్రం అక్కడ ఇక ఏమీ ఉండదు, కంప్యూటర్లో మీరు ఎన్ని గీతలు జరిపినా తిరిగి రాదు. మీకు ఇది తెలియదు, ఎందుకంటే బతికున్న ముఖాన్ని మీరు ఎప్పుడూ ఎదురుగా చూడలేదు. తెర మీదే చూశారు.

ఇక ఫ్లెక్సీ సంగతి. ఉరవకొండలో ఎవరి పుట్టినరోజైనా సాయంత్రానికల్లా ఫ్లెక్సీ లేస్తుంది. మీ ఒక్కరికే తీరిక దొరకలేదంటే నేను నమ్మను. నిజం చెప్పండి, మన పెళ్ళి ఫైలు లేదు కదా? తెల్లగా చేసిందాన్ని దాని మీదే సేవ్ చేసేశారు కదా? అందరి ఫోటోలూ అలాగే చేస్తారు, చోటు కలిసొస్తుందని. వద్దని ఎన్నిసార్లో చెప్పాను.

సరళ

*

ఉరవకొండ,
మే 20

ప్రియమైన సరళకు,

పోలీసులు అడిగినట్టు ఫైలుందా, లేదా అని అడుగుతున్నావు. నీకు కావలసింది ఫోటో, ఫైలు కాదు. ఇదిగో ఫోటో, ఇందులోనే పెట్టాను. అదే పెళ్ళి, అదే చీర, అదే నువ్వు. కూర్చుని వెలుగంతా దించాను. నీ రంగు నీకు వచ్చేసింది. రామాంజికి చూపిస్తే బాగుందన్నాడు.

నువ్వు అడిగింది చేశాను. ఇక సాకులు వెతకొద్దు. ఏ బస్సుకు వస్తావో రాస్తే ఎదురొస్తాను. ఫ్లెక్సీ కూడా రేపు ఇచ్చేస్తాను.

ఇట్లు,
లక్ష్మీపతి

*

కొత్తచెరువు,
మే 27

లక్ష్మీపతి గారికి,

ఈసారి మర్యాదకు కూడా ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు.

కవరు ఎస్తేరు షాపులోనే విప్పాను. ఆమె జాకెట్టు కుడుతూ తొంగి చూసి "ఎవురు పోయినారే?" అని అడిగింది. మీరు పంపిన ఫోటో అలా ఉంది. అది నా రంగు కాదు, బూడిద. తెల్లగా మాడ్చినదాన్ని నల్లగా చేస్తే బూడిదే వస్తుంది. ఒకసారి నన్ను వేరే మనిషిని చేశారు, రెండోసారి శవాన్ని చేశారు. ఫైలు లేదని ఒక్క మాట రాయడానికి మీకు నోరు రాలేదు.

ఫోటో చూసి కోపంతో చించబోయి ఆగాను. ఒక సంగతి తట్టింది. ఐదేళ్ళుగా ఆ షాపులో ఎవరి ఫోటో తీసినా కెమెరా వెనక నేనున్నాను. నన్ను ఎవరూ తియ్యలేదు. మీరు ఒక్కసారైనా కెమెరా పట్టుకుని "అక్కడ నిలబడు" అనలేదు.

కాబట్టి చివరి మాట రాస్తున్నాను. మీరే రండి. నా కెమెరా ఇస్తాను, ఏ మార్పూ చెయ్యని రా ఫైలులో తియ్యండి. మీ కంప్యూటరు లేకుండా, కెమెరా వెనక ఉన్న చిన్న తెరలో నేను నాలాగా కనబడాలి. కనబడితే అదే బోర్డుకు ఎక్కించండి, నా రంగు జోలికి పోకుండా. నేను వచ్చేస్తాను. ఎస్తేరు సాక్షి. కనబడకపోతే ఇక ఉత్తరాలు కూడా వద్దు.

సరళ

*

ఉరవకొండ,
జూన్ 16

ప్రియమైన సరళకు,

వచ్చినవాడికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు నువ్వు. ఎస్తేరు ఇచ్చింది. కెమెరా నా చేతిలో పెట్టి, పోలీస్ స్టేషన్లో నిలబెట్టినట్టు నిలబడ్డావు. ఆ పొగరు నాకు కొత్త కాదు.

నేను ఊరికే రాలేదని నీకు తెలియాలి. రామాంజి కెమెరాతో బస్టాండులో ఉడకబెట్టిన వేరుశెనగ బుడ్డలు అమ్మే నల్లమ్మను పదే పదే తీసి నేర్చుకున్నాను. "ఏమప్పా, నా ముఖంలో ఏం పోగొట్టుకుంటివి, ఊరికే సూస్తాండావు" అని ఆమె తిట్టేది. అయినా వదల్లేదు. నుదురు మాడకుండా ఎంత దించాలో, పక్క వెలుగు ఎప్పుడు మెత్తబడుతుందో అక్కడే తెలిసింది. నీ ఉత్తరం దగ్గర పెట్టుకునే చేశానని ఒప్పుకుంటున్నాను, అందుకు సంబరపడిపోకు.

రేకుల వసారా అంచున నిన్ను నిలబెట్టి, ఎస్తేరు చేత తెల్ల లైనింగు గుడ్డ పట్టించాను. మొదట తీసినవి గాలికి గుడ్డ కొట్టుకుని పాడయ్యాయి. తర్వాతిది కుదిరింది. తెర నీ ముందు పెడితే చాలాసేపు చూసి "నేనే" అన్నావు. నువ్వు అన్నావు, ఎస్తేరు విన్నది. ఇక మాట మార్చే వీల్లేదు.

కార్డులో ఉన్నది పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొచ్చాను కదా, దాన్నే ఫ్లెక్సీ వేయించాను. బోర్డు నిన్న ఎక్కింది, దాని ఫోటో ఇందులో పెట్టాను, చూసుకో. రంగు జోలికి పోలేదు, అమ్మ మీద ఒట్టు. వెలుగు గీత ముట్టుకోలేదు, చర్మం తుడవలేదు. ఒక్క పెదవుల దగ్గర మాత్రం, చివర్లు కొంచెం పైకి లేపాను. ముఖం మరీ ముటముటలాడుతూ ఉంది. బస్టాండులో దిగే ప్రతివాడూ చూసే బోర్డు, ఈ మొగుడూపెళ్ళాలకు పడదేమో అనుకుంటారు. ఇప్పుడు నిండుగా ఉంది. అమ్మ కూడా చూసి బాగుందంది.

నీ బట్టల పెట్టె తుడిపించాను. ఆదివారం బస్టాండులో ఉంటాను. ఈసారైనా సమయానికి రా.

నీ కోసం చూస్తూ,
లక్ష్మీపతి

*

కొత్తచెరువు,
జూన్ 24

ప్రియమైన మీకు,

ఈసారి ఆ మాట వెటకారంగా రాయలేదు. ఆదివారం బస్టాండులో చాలాసేపు నిలబడి ఉంటారు. ఎందుకు రాలేదో చెప్పాలి.

మీ కవరు వచ్చేసరికి సంచి సర్దుకుని ఉన్నాను. లెన్సులు తువ్వాలులో చుట్టాను. ఎస్తేరుకు వెళ్ళొస్తానని కూడా చెప్పాను. బోర్డు ఫోటో చూడగానే నిజంగా సంతోషం వేసింది. నా నుదురు, నా ముక్కు, నా రంగు, అన్నీ నావే. అంత పెద్ద బోర్డు మీద, అంత ఎండలో, నేను నాలాగా ఉన్నాను. వెక్కిరించడానికి ఏమీ దొరకలేదు.

ఎస్తేరు చూసి "బాగుండావే. నవ్వు గూడా వచ్చినాది" అంది. అప్పుడు నోటి వైపు చూశాను.

నేను ఆ రోజు నవ్వలేదు. నాకు బాగా తెలుసు. మీరు గురి చూస్తున్నంతసేపూ ఫోటో కుదరకూడదని లోపల కోరుకుంటున్నాను. కుదిరితే మాట ప్రకారం రావాలి కదా అని భయం. ఆ భయం ముఖంలో ఉంది, మీకు కనబడింది కూడా. ముటముటలాడుతూ ఉందని మీరే రాశారు. పెళ్ళయ్యాక మొదటిసారి నా ముఖం వైపు అంతసేపు చూసి, ఇందులో నవ్వు లేదని తెలుసుకున్నారు. అది తెలిసిన మనిషి ఇంకెవరైనా అయితే ఎందుకలా ఉన్నావని అడుగుతాడు. మీరు మౌస్ పట్టుకున్నారు.

రంగు కోసం అలిగానని ఊరు అనుకుంది, మీరు అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. రంగు ఇచ్చేశాక కూడా మనసు రాలేదు. నేను రావడం లేదు. మాట ఇచ్చి తప్పాను, మీరు ఎంతమందికి చెప్పుకున్నా కాదనను. సంచి విప్పేశాను. వచ్చే వారం ఎస్తేరు షాపు పక్క గదిలో నా ఫోటోల పని మొదలుపెడుతున్నాను.

మీరు తీసిన అసలు ఫైలు నా కార్డులో అలాగే ఉంది. పెద్దగా ప్రింటు తీసి ఆ గదిలో గోడకు పెడతాను. కింద మీ పేరు కూడా వేస్తాను. మీరు తీసినవాటిలో మంచి ఫోటో అదొక్కటే. అందులో నేను నవ్వడం లేదు.

ఉంటాను, ఇక్కడే,
సరళ