పొగ మానేశాక

డాక్టర్ గారికి నమస్కారం.

మా అన్న సుక్రు గంజాయి మానేశాడు. లోయలో దూకమని కాఫీ మొక్కలు చెప్పడమూ ఆగిపోయింది. కానీ మీరిచ్చిన అదే బిళ్ళకి ఇప్పుడు అంబలి తాగుతూనే నిద్రలోకి జారిపోతున్నాడు. కోపమొచ్చి బిళ్ళలు పొయ్యిలో పడేయబోయాను.

"ఒరే గుంటడా, ఒక్క దమ్ము లాగనీరా, లెగిసి పనికెల్తాను" అంటాడు అన్న. సిగ్గులేదా అని అరిచాను.

తర్వాత మీ ఆసుపత్రి కరపత్రం చదివాను. పొగ ఈ మందును ఒంట్లో నిలవనివ్వదట. పొగ మానితే అదే బిళ్ళకి బలం పెరుగుతుందట! దమ్ము లాగితే మత్తు దిగుతుందని అన్న ఒంటికి ముందే తెలిసిందన్నమాట సార్! ఒక ఆకూ ఒక బిళ్ళా మా అన్న తల కోసం ఇంతకాలం పోట్లాడుకున్నాయా?

మోతాదు తగ్గించాలా? బేగి రాయండి. అంతవరకు దమ్ము ఇవ్వను, బిళ్ళ మాననివ్వను.

ఇది రాస్తుంటే అన్న కాఫీ తోటలోనే నిద్రపోతున్నాడు. ఆకులు కదులుతున్నాయి. ఏమీ అనడం లేదు.