లోయవైపు నిలబడ్డ మనిషి

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ మామయ్యగారూ బాగానే ఉన్నాం. మీ ఓడ ఏ సముద్రంలో ఉన్నా, మీరు వేళకి తింటూ, కంటినిండా నిద్రపోతూ ఉన్నారనే అనుకుంటున్నాను. మీ ఉత్తరం మొన్న అందింది. ముందు మీరడిగిన వాటికి జవాబులు చెప్పేస్తాను, లేకపోతే మిగతాది మీ తలకెక్కదు.

వంటింటి కుళాయి బాగుచేయించాను. ప్లంబరు పాత వాషరు పీకి చూపించి, "ఇదెవరు బిగించారమ్మా, చేతికి దండం పెట్టాలి" అన్నాడు. మీరేనని నేను చెప్పలేదు. షాపులో పని ఊపిరాడనివ్వడం లేదు. బడులు తెరిచే రోజులు కదా, యూనిఫారాలు కుట్టీ కుట్టీ కల్లోకి కూడా నీలం రంగు లాగులే వస్తున్నాయి. మా కటింగు మాస్టరుకి ఇప్పటికీ కత్తెర కంటే నోరే పదును. మామయ్యగారి షుగరు అదుపులోనే ఉంది. ఆ తల తిరుగుడు మాత్ర వల్ల వచ్చిందని తేలింది. మాత్ర మార్చాక మళ్ళీ రాలేదు. డాక్టరమ్మ అన్నీ పరీక్ష చేసి, "ఆయన్ని నడవనివ్వండి. కూర్చోబెడితేనే పాడవుతారు" అంది.

ఇక మీరు కింద గీత గీసి మరీ రాసిన మాట, 'నాన్నని గడప దాటనివ్వకు' అని. ఆ ఉత్తరం చేరేసరికే మేము గడపేం ఖర్మ, ఏకంగా కొండెక్కి వచ్చేశాం. కోప్పడే ముందు మొత్తం చదవండి.

డ్రైవరు ఉద్యోగం అయిపోయి బస్సు దిగిపోయాక మామయ్యగారు ఎలా ఉండేవారో మీకు పూర్తిగా తెలియదు. మీరు సెలవుకి వచ్చినప్పుడు హుషారుగానే కనిపిస్తారు. మీరు వెళ్ళిన మర్నాటి నుంచీ మళ్ళీ కిటికీ దగ్గర కుర్చీయే. వీధిలో బస్సు వెళితే, "రెండో గేరులో రావాల్సిన మలుపు, మూడులో కొట్టాడు వెధవ" అని గొణుక్కునేవారు. టీవీలో కారు వేగంగా పోతే కుడికాలు నేలకేసి తొక్కేవారు. ఒకరోజు నేను బొత్తాలు కుడుతుంటే ఉన్నట్టుండి అన్నారు.

"సర్వీసంతా ఆ నేషనల్ పార్కు గేటుదాకా బస్సు తోలానమ్మా. లోపలికి ఒక్కసారీ పోలేదు. జనం పొద్దున్న ముఖాలు వేలాడేసుకుని దిగేవాళ్ళు. సాయంత్రానికి ఒళ్ళంతా దుమ్ము, ముఖం నిండా నవ్వు. పైనేముందని అడిగితే ఒకాయన సరస్సు అనేవాడు, ఒకావిడ గాలి అనేది. గాలికోసం అంత దూరం ఎక్కాలా అనుకునేవాణ్ణి."

వీధికేసి చూస్తూనే, "నువ్వు తోడొస్తే చూసొస్తా" అన్నారు.

ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి టీ తప్ప నన్ను ఆయన అడిగిందేమీ లేదు. ఎలా కాదంటానో మీరే చెప్పండి. పొద్దునా సాయంత్రం మన వీధి చివరి మిట్ట ఎక్కించి దింపాను. కొండకని కొన్న వీపుసంచీ పట్టీలు సన్నంగా ఉండి ఆయన భుజాలు కోసుకుపోతుంటే, విప్పేసి, షాపు మిషను మీద వెడల్పు పట్టీలు వేశాను. మాస్టరు చూసి అరుస్తాడనుకున్నాను. సంగతి విని, లోపల పెట్టే స్పాంజి తనే కత్తిరించి ఇచ్చాడు.

పార్కులో మాకు గైడుగా వచ్చిన అమ్మాయి బక్కపలచగా, రాయి మీంచి రాయి మీదకి గెంతుతూ ఉండేది. మామయ్యగారు చూసీ చూడగానే 'మేకపిల్ల' అని పేరు పెట్టేశారు. ఆ పిల్ల పద్ధతి ఒకటుంది. గుంపులో అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళు ముందుండాలి, వాళ్ళని ఎవరూ దాటకూడదు. అలా మామయ్యగారిని ముందు నిలబెట్టింది. ముసలాణ్ణని ఎత్తిచూపినట్టు అనుకుంటారేమోనని నా ప్రాణం గిలగిల్లాడింది. ఆయన మాత్రం టోపీ సర్దుకుని, "ముందు సీటు ఎప్పుడూ నాదేగా" అన్నారు.

ఆయన నడక మీరు చూడాల్సింది. ఫస్టు గేరులో పడ్డ బస్సులా ఒకటే వేగం. ఎక్కడా పరుగు లేదు, ఎక్కడా ఆగడం లేదు. మలుపు రాగానే అడుగు చిన్నది చేస్తారు, దాటగానే మళ్ళీ మామూలే. మా వెనక కొత్తగా పెళ్ళైన జంట ఒకటి ఉంది. "తాతగారి వెనక నడుస్తుంటే ఆయాసమే రాలేదండీ" అన్నాడు ఆ పెళ్ళికొడుకు. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

ముందంతా పొడుగాటి చెట్లు, కింద తడి నేల, కాలు వేస్తే మెత్తగా దిగుతుంది. పోనుపోను చెట్లు పొట్టివైపోయి, మోకాలెత్తు తుప్పలై, చివరికి అవీ పోయి, రాయీ ఆకాశమే మిగిలాయి. ఆ మిట్ట దాటగానే సరస్సు. చుట్టూ కొండలు, వాటి మీద కరగని మంచు, అదంతా నీళ్ళలో తలకిందులుగా ఉంది. మామయ్యగారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. గాలి ఆయన తెల్లజుట్టు రేపేస్తోంది.

"ఆ గాలి అన్నావిడ సరిగానే చెప్పిందమ్మా" అన్నారు. "నేనే నమ్మలేదు. ఇంతమందిని ఇంత మంచి చోటికి తీసుకొచ్చానా నేను."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన చూడకుండా సీసాలో నీళ్ళు పట్టే వంకతో అవతలికి వెళ్ళాను.

ఇక్కడిదాకా చదివి మీరు నవ్వుకుంటూ ఉంటారు. ఇప్పుడు అసలు సంగతి. చెప్పకుండా ఉండలేను, చెప్పాలంటే చెయ్యి సాగడం లేదు.

పైన ఒక విశ్రాంతి గృహం ఉంది. దానికి సరుకులు కంచరగాడిదల మీద వెళతాయి. అవి ఎదురొస్తే మనుషులు కొండవైపు ఆనుకుని నిలబడాలట, లోయవైపు నిలబడితే మూటలు తగిలి పడిపోతామట. పొద్దున గేటు దగ్గర గైడు ఇది అందరికీ చెప్పింది. మామయ్యగారు అప్పుడు అక్కడ లేరు, స్టాండులో బస్సు డ్రైవర్లతో కబుర్లలో ఉన్నారు. "తాతగారికి మీరు చెప్పండక్కా, మర్చిపోకండి" అంది. సరేనన్నాను. చెప్పలేదు. మర్చిపోయి కాదు. బతుకంతా కొండదారిలో బస్సు నడిపిన మనిషికి దారి ఎలా ఇవ్వాలో నేను నేర్పడమేమిటని, చెప్పడానికే సిగ్గేసింది.

ఆయన అలవాటు మీకూ తెలిసిందే. ఎక్కే బండి ఎదురైతే, ఆ డ్రైవరు లోయ చూసి బెదరకుండా కొండవైపు వాళ్ళకి వదిలి, తన బస్సు అంచున ఆపేవారు. దిగేటప్పుడు, గైడు గుంపు చివర ఉండగా, మలుపులో కంచరగాడిదల మెడగంటలు వినిపించాయి. ఆయన చెయ్యెత్తి మమ్మల్ని ఆపి, తను మర్యాదగా లోయవైపు జరిగి నిలబడ్డారు. నేను "మామయ్యగారూ" అనేలోపే మొదటి గాడిద మూట ఆయన భుజానికి తగిలింది. మనిషి కనబడలేదు.

దేవుడు చల్లగా చూశాడు. నిలువెత్తు లోతున తుప్పలు ఆయన్ని పట్టేసుకున్నాయి. గైడూ ఆ పెళ్ళికొడుకూ దిగి పైకి తెచ్చారు. ఎడమ మణికట్టు విరిగింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. పైకి రాగానే ఆయన అడిగిన మొదటి మాట, "పైకెళ్ళేవాళ్ళు ఆగిపోలేదు కదా?" గాడిదలవాడు ఏడుస్తుంటే వీపు తట్టి, "నీ తప్పేం లేదు, పో" అని పంపించారు. నా స్కార్ఫుతో చెయ్యి మెడకి కట్టించుకుని, మిగతా కొండంతా తన కాళ్ళమీద తనే దిగారు. మళ్ళీ ఆయనే ముందు.

ఆసుపత్రిలో పిండికట్టు వేస్తుండగా గైడు నన్ను పక్కకి పిలిచి, "మీరు చెప్పలేదా అక్కా?" అని అడిగింది. నేను తల దించుకున్నాను. మంచం మీంచి మామయ్యగారు, "చెప్పిందమ్మా, నేనే మర్చిపోయాను" అన్నారు. జన్మలో ఎవరికోసమూ అబద్ధమాడని మనిషి.

ఇంటికొచ్చాక, "బాత్రూంలో జారానని వాడికి రాయి" అన్నారు.

"అలా రాస్తే మిమ్మల్ని ఇక కదలనివ్వరు" అన్నాను.

"పోనీలే తల్లీ. నేను చూడాల్సింది చూసేశాను. నీకు మాట రాకూడదు."

ఆ మాట అని మళ్ళీ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. అప్పటి నుంచీ వీధిలో బస్సులు పోతున్నా ఒక్కదాన్నీ తిట్టడం లేదు. విరిగిన చెయ్యి అతుక్కుంటుంది, డాక్టరమ్మ ఆ భరోసా ఇచ్చింది. నా బెంగ ఈ మౌనం గురించే.

అందుకే ఆయన చెప్పింది కాక, జరిగింది రాశాను. ఆయన కళ్ళు తిరిగి పడలేదు, కాళ్ళు తడబడి పడలేదు. నేను చెప్పాల్సిన మాట చెప్పకపోబట్టి పడ్డారు. తిట్టాలనుంటే నన్ను కడుపారా తిట్టండి, పడతాను. ఆయనకి వేరే కాగితం మీద ఒక్క ముక్క రాయండి చాలు: 'ఈసారి ఏ కొండ, నాన్నా?'

ఇట్లు,
మీ నాన్నగారి వెనకే నడిచిన కోడలు,
మీ ఇల్లాలు.